అప్‌డేట్: తోలుబొమ్మలాట గ్రాంటు అప్పీలు ఏమైందంటే

మా మావయ్యగారి తోలుబొమ్మలాట బృందానికి 'ప్రదర్శన ఆధారాలు లేవు' అని ఒక్క ముక్క రాసి గ్రాంటు తిరస్కరించారు, అప్పీలు చేయాలా వద్దా అని మిమ్మల్ని అడిగాను కదా. చాలామంది ముందు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెట్టమన్నారు.

10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఫైలు కాపీలు అడిగాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చారు. చూస్తే, అంబాజీపేట వైపు ఊళ్ళలో సంక్రాంతికి ఆడినట్టు పంచాయతీలు ఊదారంగు స్టాంపు వేసి ఇచ్చిన లెటర్లు అందులోనే ఉన్నాయి! పేజీ నంబర్లు కూడా వేసి ఉన్నాయి. మావయ్యకి కోపం ఆగలేదు.

అప్పీల్లో కళ గొప్పతనం జోలికి పోలేదు. నిబంధన ఏమడిగింది, దానికి ఆధారం ఏ పేజీలో ఉంది, అంతే రాశాం. ఒకటి గమనించండి: ఆర్టీఐ చట్టం సెక్షన్ 19 అప్పీలు సమాచారం ఇవ్వకపోతేనో, సరిగ్గా ఇవ్వకపోతేనో వేసేది. గ్రాంటు నిర్ణయం మీద అప్పీలు వేరు.

ఫైలు మళ్ళీ కమిటీ ముందు పెడతామని లెటరొచ్చింది. డబ్బు ఇంకా రాలేదు, అయినా చాలా సంతోషంగా ఉంది. హనుమంతుడి బొమ్మకి మోచేతి కీలు దగ్గర మేకతోలు చిరిగిపోయింది, వస్తే ముందు ఆ రిపేరే. కమిటీ ఆట చూపించమంటే ఎంతసేపు ఆడనిస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి.