టోకెలావు దీవుల కొబ్బరి మన వంటింటి కొబ్బరినూనెకు సాక్ష్యమవుతుందా?

గానుగ నూనె (చర్చ ప్రారంభం)

కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే కాబట్టి అది గుండెకు చేటని వైద్యులు హెచ్చరిస్తూ ఉంటారు. ఆ మాటే నిజమైతే దక్షిణ పసిఫిక్ సముద్రంలోని టోకెలావు దీవులవారు ఏనాడో గుండెపోట్లతో తుడిచిపెట్టుకుపోయి ఉండాలి. న్యూజిలాండు వైద్యుడు ఇయాన్ ప్రయర్, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడివారికి ఆహారం ద్వారా అందే శక్తిలో 63 శాతం కొబ్బరినుంచే వచ్చేది. కుక్ దీవుల్లోని పుకాపుకాలో అది 34 శాతం. రెండుచోట్లా రక్తనాళాల జబ్బులు అరుదుగానే కనిపించాయి. ఇంత స్పష్టమైన ఉదాహరణ కళ్లముందు ఉండగా, మా ఇంట్లో పల్లీనూనె మాని గానుగ కొబ్బరినూనెతో వంట చేసుకోవడానికి అభ్యంతరం ఏమిటో తెలిసినవారు కారణాలతో వివరించగలరు.

లెక్కల మాస్టారు

మీరు ఉదహరించిన అధ్యయనాన్ని సగంలోనే ఆపేశారు. టోకెలావువారి రక్తంలో కొలెస్ట్రాల్ పుకాపుకావారికంటే డెసీలీటరుకు 35 నుంచి 40 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉందనీ, వారు ఎక్కువగా తీసుకునే సంతృప్త కొవ్వే దానికి కారణమనీ అదే పత్రంలో అదే బృందం రాసింది. అంటే కొబ్బరి కొవ్వు కొలెస్ట్రాల్‌ను పెంచదన్న వాదనకు టోకెలావు సాక్ష్యం చెప్పదు; పెంచినా అక్కడి జీవనంలో జబ్బు కనిపించలేదని మాత్రమే చెబుతుంది. పైగా టోకెలావు అంటే మూడు పగడపు దీవులు, రెండువేలకు లోపు జనాభా. అంత చిన్న జనాభాలో గుండెజబ్బు ముప్పు ఒక మోస్తరుగా పెరిగినా అది లెక్కల్లో తేలడం కష్టం.

మనుషులకు నేరుగా నూనెలు మార్చి ఇచ్చి చూసిన పరీక్షలు వేరే ఉన్నాయి. అటువంటి 16 పరీక్షలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో, పొద్దుతిరుగుడు, ఆలివ్ వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె వాడినవారిలో చెడు కొలెస్ట్రాల్‌గా చెప్పుకునే ఎల్‌డీఎల్ సుమారు 10 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మంచిదని పేరున్న హెచ్‌డీఎల్ కూడా 4 మిల్లీగ్రాములు పెరిగింది. మీరు ఎలాగూ ఆ మాట ఎత్తుతారు కనుక నేనే ముందు చెబుతున్నాను. అయితే మందులతో హెచ్‌డీఎల్‌ను పెంచి చూసిన ప్రయత్నాలు గుండెపోట్లను తగ్గించలేకపోయాయి. కాబట్టి ఆ నాలుగును చూపి ఈ పదిని కొట్టివేయడానికి వీల్లేదు.

కోనసీమ కొబ్బరాకు

ఇద్దరూ కొబ్బరినీ కొబ్బరినూనెనూ ఒకటిగానే మాట్లాడుతున్నారు. పగడపు దీవుల ఇసుకనేలలో ధాన్యం పండదు. కొబ్బరి, చేపలు, సీమపనస, గోతులు తవ్వి పెంచే చేమజాతి దుంపలు, కొబ్బరికల్లు, ఇదే వారి భోజనం. వారు తిన్నది కోరిన కొబ్బరి, పిండిన పాలు, లేతకాయ. పచ్చికొబ్బరిలో మూడోవంతు కొవ్వు, దాదాపు సగం నీరు, మిగిలినది పీచు, పిండిపదార్థాలు, కొద్దిగా మాంసకృత్తులు. ఎండుకొబ్బరినుంచి నూనె తీసే పెద్ద వ్యాపారమంతా పందొమ్మిదో శతాబ్దంనుంచి ఐరోపా సబ్బులకోసం, కృత్రిమ వెన్నకోసం సాగినది. దీవులవారు నూనె తీసుకున్నా ఎక్కువగా ఒంటికీ తలకూ రాసుకున్నారు. ఈ విషయంలో వారు మాకు దగ్గరివారే: కోనసీమలో పెరడంతా కొబ్బరిచెట్లే అయినా మా మూకుడులోకి నువ్వులనూనో పల్లీనూనో వచ్చేది, కొబ్బరినూనె జడకే పరిమితమయ్యేది.

గానుగ నూనె

కొబ్బరాకు గారూ, పాలలో ఉన్నా సీసాలో ఉన్నా కొవ్వు మారదు కదా! 63 శాతం శక్తి కొబ్బరినుంచి వచ్చిందంటే, తిన్న కొవ్వు బరువు ఏ వంటనూనె వాడకానికీ తీసిపోదు. ఇంకొక మాట, కొబ్బరి కొవ్వులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. అది మధ్యస్థ గొలుసు కొవ్వు (కార్బన్ పరమాణువుల గొలుసు మరీ పొడవు కానిది) కనుక నేరుగా కాలేయానికి చేరి శక్తిగా ఖర్చవుతుంది, పేరుకుపోదు.

లెక్కల మాస్టారు

మొదటి మాట ఒప్పుకుంటాను. కొవ్వు బరువు విషయంలో మీరే సరి. రెండోది సీసాల మీద అచ్చువేసే మాట. నేరుగా కాలేయానికి వెళ్లేవి ప్రధానంగా 8, 10 కార్బన్ల ఆమ్లాలు. 12 కార్బన్ల లారిక్ ఆమ్లం పేరుకు మధ్యస్థమే అయినా, దానిలో అధికభాగం పొడవు గొలుసు కొవ్వుల్లాగే శోషరసనాళాల (లింఫ్ నాళాల) ద్వారా రక్తంలోకి వస్తుంది. మధ్యస్థ గొలుసు కొవ్వులతో ప్రత్యేకంగా తయారుచేసిన నూనెపై వచ్చిన ఫలితాలను గానుగ నూనెకు అంటగట్టకూడదు.

వెల్లింగ్టన్ తెలుగువాడు

నేను ఉండే ప్రాంతంలో టోకెలావు కుటుంబాలు చాలా ఉన్నాయి. నేడు ఆ దీవుల్లో ఉన్నవారికంటే న్యూజిలాండులో స్థిరపడినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. 1966లో తుపాను దెబ్బతీశాక ప్రభుత్వ సహాయంతో వలసలు ఊపందుకున్నాయి. ప్రయర్ బృందం ఇటు వచ్చినవారినీ అటు ఉండిపోయినవారినీ ఏళ్ల తరబడి పోల్చి చూసింది. వలస వచ్చినవారి ఆహారంలో సంతృప్త కొవ్వు తగ్గింది. చక్కెర, మాంసం, రొట్టె పెరిగాయి. అయినా బరువు, రక్తపోటు, మధుమేహం వారిలోనే పెరిగాయి. ఇప్పుడు దీవుల్లోనూ ఓడలో వచ్చే బియ్యం, పిండి, పంచదార మీదే బతుకు ఆధారపడుతోంది, ఊబకాయం అక్కడా పెద్ద సమస్యే. పక్కనున్న సమోవా, కొవ్వు ఎక్కువగా ఉండే టర్కీకోడి తోకల దిగుమతిని 2007లో నిషేధించి, ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరేందుకు ఆ నిషేధాన్నే వదులుకోవలసివచ్చింది. పసిఫిక్ ఆరోగ్యం చెడిన కథలో కొబ్బరిని మొదటి ముద్దాయిగా నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గానుగ నూనె

నేను చెప్పినదీ అదే!

లెక్కల మాస్టారు

కాదండీ. కొబ్బరి మొదటి ముద్దాయి కాదనడం వేరు, అది రక్షించిందనడం వేరు. వలసలో తిండి, శ్రమ, నిద్ర, ఉప్పు అన్నీ ఒక్కసారే మారాయి. పపువా న్యూగినీకి చెందిన కితావా దీవిని కూడా లెక్కలోకి తీసుకోండి. స్వీడన్ వైద్యుడు స్టఫాన్ లిండెబర్గ్ అక్కడ పరిశీలించినప్పుడు గుండెపోటు, పక్షవాతం దాదాపు కనిపించలేదు. అక్కడ దుంపలే ప్రధానాహారం. కొబ్బరి తిన్నా, మొత్తం కొవ్వునుంచి వచ్చే శక్తి 21 శాతమే. టోకెలావులో 63, పుకాపుకాలో 34, కితావాలో మొత్తం కొవ్వే 21. కొబ్బరి మోతాదు ఇంత తేడాగా ఉన్నా మూడుచోట్లా గుండెజబ్బు అరుదే. అంటే ఈ మూడింటిని కలిపే సూత్రం కొబ్బరి కాదు. చేపలు, దుంపలు, ఒళ్లు వంచే పని, అంగడి తిండి లేకపోవడం. రోజూ కొబ్బరి లేనిదే కూర వండని శ్రీలంక కూడా దీవే. నేడు అక్కడి మరణాలకు గుండెజబ్బే ప్రధాన కారణం. అందుకు కొబ్బరే కారణమని నేను అనను, కానీ కొబ్బరి కాపాడిందని మీరూ అనలేరు.

గానుగ నూనె

కితావా అంకె నాకు కొత్తది, నా వాదనకు అది గట్టి దెబ్బేనని ఒప్పుకుంటున్నాను. టోకెలావును ఇక సాక్షిగా పిలవను. అయితే మీరు చూపిన 16 పరీక్షలు కూడా కొలెస్ట్రాల్‌ను కొలిచాయేగాని గుండెపోట్లను లెక్కపెట్టలేదు. ఆ అభ్యంతరాన్ని మాత్రం వదులుకోవడం లేదు. పల్లీనూనె డబ్బాను ప్రస్తుతానికి కదిలించను.

కోనసీమ కొబ్బరాకు

పచ్చడిలోకి కాయ కోరుకోవడానికి మాస్టారి అనుమతి ఉన్నట్టే గదా?

లెక్కల మాస్టారు

ఉంది, తాలింపు మాత్రం పల్లీనూనెతోనే వేయండి.