కాచో ఎ పెపె సాస్ ప్లేటులోకి వచ్చేసరికి బిగుసుకుపోతోంది

ఇటాలియన్ రెస్టారెంట్లో కాచో ఎ పెపె (చీజ్, మిరియాలతో చేసే పాస్తా) తెప్పించుకుంటే సాస్ పల్చటి గంజిలా నున్నగా స్పగెట్టీకి పట్టి ఉంటుంది, తిన్నంతసేపూ అలాగే ఉంటుంది. ఇంట్లో ఆ నునుపు నిలవడం లేదు.

ఇద్దరికి నా కొలత: స్పగెట్టీ 200 గ్రాములు, అప్పటికప్పుడు సన్నగా తురిమిన పెకొరీనో రొమానో (గొర్రెపాల గట్టి చీజ్) 90 గ్రాములు, పొడి పెనంలో వేయించి కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 2 టీస్పూన్లు. వెన్న, క్రీమ్ వద్దు. అవి వేస్తే సాస్ నిలబడుతుంది, కానీ అది వేరే వంటకం.

గంజి చిక్కగా దిగాలని ఉడికించే నీళ్లు ఒక లీటరుకే తగ్గించాను. చీజ్‌లోనే ఉప్పు ఎక్కువ కాబట్టి నీళ్లలో 5 గ్రాములే వేస్తున్నాను. కాస్త చల్లార్చిన గంజినీళ్లతో చీజ్‌ని ముందే పేస్టులా కలిపి, స్టవ్ ఆపాకే పాస్తాకి పట్టిస్తున్నాను. థర్మామీటర్ పెట్టి చూస్తే 70 డిగ్రీల దగ్గర చీజ్ విరిగి తీగలు సాగుతోంది, ఫోర్కుకి ముద్దగా చుట్టుకుంటోంది, అడుగున నీళ్లు తేలుతున్నాయి. 60 దగ్గర చక్కగా కలుస్తోంది గానీ ప్లేటులో వేసిన రెండు మూడు నిమిషాలకే గట్టిపడిపోతోంది. ప్లేట్లు వేడి చేసినా పెద్ద తేడా లేదు.

ఇక మిగిలింది చీజ్ పేస్టులో కార్న్‌ఫ్లోర్ ఉడికించి కలపడమే. పిండి రుచి తగలకుండా, సాస్ పది నిమిషాలైనా జారుగా ఉండాలంటే 90 గ్రాముల పెకొరీనోకి కార్న్‌ఫ్లోర్ ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు పడతాయి?