హెడ్‌షాట్‌కి ఏం వేసుకోవాలి? చారల చొక్కానా, నల్ల హైనెక్కా, పచ్చ కోటా?

ఫిజియో_డెస్క్:
అందరికీ నమస్కారం. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఉద్యోగం వదిలి సొంతంగా క్లినిక్ పెట్టుకుంటున్నాను. వెబ్‌సైట్‌కీ, తలుపు పక్కన పెట్టే బోర్డుకీ ఒకే ఫోటో వాడదామని వచ్చే శనివారం ఉదయం స్టూడియోలో టైమ్ తీసుకున్నాను. "రెండు జతలు తెచ్చుకోండి, బ్యాక్‌డ్రాప్ లేత బూడిద రంగు" అని మాత్రమే చెప్పారు ఫోటోగ్రాఫర్.

నా దగ్గర సన్నటి నీలం చారల తెల్ల చొక్కా ఉంది, కొత్తది, నాకు బాగా ఇష్టం. నల్ల హైనెక్ ఒకటి, ముదురాకుపచ్చ కోటు, దాని లోపలికి మీగడ రంగు టాప్ ఉన్నాయి. చామనఛాయ, మెడ పొట్టి. కళ్లద్దాలు ఎప్పుడూ ఉంటాయి, ఎండలో నల్లబడే రకం. మొహానికి సన్‌స్క్రీన్, కళ్లకి కాటుక తప్ప ఏమీ రాయను.

నొప్పితో వచ్చేవాళ్లకి నన్ను చూస్తే ధైర్యం కలగాలి, అదే నా కోరిక. ఏది వేసుకోమంటారు?

తెల్లకాగితం:
నలుపు ఎవరికైనా నప్పుతుంది, హైనెక్ హుందాగా కూడా ఉంటుంది. నా ఓటు దానికే.

నీడా_వెలుగూ:
పోర్ట్రెయిట్లు తీయడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను మేడమ్.

ఆ చారల చొక్కాని ఈ ఒక్కరోజుకి ఇంట్లో ఉంచండి. వెడల్పు చారలైతే ఇబ్బంది లేదు, సన్నగా దగ్గరదగ్గరగా ఉన్నవాటితోనే చిక్కు. కెమెరా సెన్సర్ మీద పిక్సెళ్లు వరసలు తీరి ఉంటాయి. బట్ట మీది చారల వరస ఆ వరసలకి దగ్గరి కొలతలో పడితే, చొక్కాలో లేని అలలు, రంగురంగుల మరకలు ఫోటోలో పుట్టుకొస్తాయి. మేము దీన్ని మోయిరే అంటాం. రంగు మరకల్ని ఎడిటింగ్‌లో చాలావరకు తగ్గించగలం కానీ అలలు ఒక పట్టాన పోవు. ఒక్కోసారి పెద్ద ఫోటోలో ఏమీ కనిపించదు, వెబ్‌సైట్ కోసం చిన్నది చేయగానే బయటపడుతుంది.

హైనెక్ విషయంలో పైన చెప్పినవారితో నేను ఏకీభవించను. మెడ పొట్టి అన్నారు. హైనెక్ ఆ ఉన్న కాస్త మెడనీ కప్పేస్తుంది, తల నేరుగా భుజాల మీద కూర్చున్నట్టు ఉంటుంది. పైగా నలుపు వెలుతురుని మింగేస్తుంది, గడ్డం కింద నీడ అలాగే చిక్కగా ఉండిపోతుంది.

మీగడ రంగు టాప్ దీనికి సరిగ్గా ఎదురు. మీద పడిన వెలుతురులో కొంత పైకి, గడ్డం కిందికి తిరిగి పంపుతుంది, నీడ మెత్తబడుతుంది. మరీ తెల్లటి తెలుపు కాకపోవడం ఇంకా మంచిది. తెలుపైతే చూసేవాళ్ల కళ్లు ముందు చొక్కా మీదికి పోయి తర్వాత మొహానికి వస్తాయి. ముదురాకుపచ్చ కోటు లేత బూడిద మీద స్పష్టంగా విడివడి కనిపిస్తుంది. ఇదే నిగనిగలాడే చిలకపచ్చ అయితే వద్దనేవాణ్ని, ఆ రంగు దవడ మీద పడుతుంది, చర్మం రంగు దిద్దలేక చస్తాం. టాప్ మెడ కాస్త కిందికి, వి ఆకారంలో ఉంటే మెడ పొడుగ్గా కనిపిస్తుంది. బట్ట శాటిన్‌లా మెరిసేది కాకూడదు, ప్రతి ముడతా లైట్లకి తళుక్కుమంటుంది.

కళ్లద్దాలు తీయకండి. రేపు క్లినిక్‌లో ఎదురయ్యేది ఆ కళ్లద్దాల మనిషే కదా. కాకపోతే అవి అతినీలలోహిత కిరణాలకి నల్లబడతాయి, మళ్లీ తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దారిలో పెట్టెలో ఉంచుకోవడం కుదిరితే సరే, లేదంటే ఓ పావుగంట ముందే స్టూడియోకి చేరి లోపల కూర్చోండి. మెరుపు సంగతి ఫోటోగ్రాఫర్ చూసుకుంటారు, లైటు కొంచెం ఎత్తుతారు, మిమ్మల్ని గడ్డం ఇసుమంత దించమంటారు.

సన్‌స్క్రీన్ డబ్బా వెనక ఒకసారి చదవండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి ఫ్లాష్ వెలుతురులో మొహాన్ని పాలిపోయినట్టు తెల్లగా చూపిస్తాయి. ఆ ఉదయానికి అవి లేనిది రాసుకోండి. కాటుక సన్నగా చాలు. కొత్త క్రీములేవీ ఈ వారం మొదలుపెట్టకండి.

సూదీ_దారం:
కోటు గురించి నేను చెప్తాను, కుట్టుపని చేస్తాను కనుక. ఛాతీ పైభాగం ఫోటోలో నడుం కొలత ఎవరూ చూడరు, భుజం కుట్టే అందరి కంటా పడుతుంది. ఆ కుట్టు మీ భుజం ఎముక చివరే ఆగాలి. నిలబడినప్పుడు గుండీ పెట్టుకోండి, కూర్చోగానే విప్పేయండి. కూర్చుని తీస్తుంటే కోటు వెనక అంచుని కిందికి లాగి దాని మీద కూర్చోండి, లేకపోతే కాలర్ మెడ వెనక నుంచి పైకి లేస్తుంది.

ముదురు రంగు బట్ట మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకండి, మెరుపు మచ్చలు పడతాయి. పైన పల్చటి నూలుగుడ్డ వేసి చేయండి. కోటు తొడుక్కుని వెళ్లొద్దు, హ్యాంగర్‌కి వేసి తీసుకెళ్లండి. కారులో సీటుబెల్టు ఒక్కటి చాలు ఇస్త్రీ అంతా పాడుచేయడానికి. దూది నలకలకి వెడల్పు టేపు దగ్గరుంచుకోండి.

ఫిజియో_డెస్క్:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. కిటికీ పక్కన నిలబడి ఫోన్‌తో తీసి చూశాను, మీగడ టాప్‌తో మొహం నిజంగానే తేటగా ఉంది. కానీ చేతులు కట్టుకుంటే కోటు గుండీ దగ్గర బట్ట లాగుతోంది. రెండో జతగా పనిలో వేసుకునే ముదురు నీలం ట్యూనిక్ తీసుకెళ్లనా?

నీడా_వెలుగూ:
తప్పకుండా. నన్నడిగితే బోర్డు మీదికి ఆ ట్యూనిక్ ఫోటోయే వాడండి. నొప్పితో వచ్చినవాళ్లు మిమ్మల్ని చూడబోయేది అందులోనే. కోటు ఫోటో వెబ్‌సైట్‌కి సరిపోతుంది. చేతులు కట్టుకోవడం మానేయండి, గుండీ కోసం మాత్రమే కాదు, కట్టుకున్న చేతులు అడ్డుగోడలా ఉంటాయి. మీ వృత్తే చేతులతో, వాటిని ఎదుటివాళ్లకి కనిపించనివ్వండి. నడుం వరకు వచ్చేలా కొన్ని తీయమని ముందే అడగండి. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకోండి. వాచీ, మణికట్టు మీది జుట్టు రబ్బరు ఇంటి దగ్గరే తీసేసి వెళ్లండి, వాటి గీతలు చర్మం మీద నుంచి వెంటనే పోవు.

సూదీ_దారం:
ఆ కోటు గుండీని అర అంగుళం జరిపితే లాగడం తగ్గుతుందేమో చూడండి. శనివారం లోపు అయ్యే పనే.