ఆఫీసు ప్రాంగణంలో బిస్మార్కియా, ఫాక్స్‌టెయిల్, సైకస్ నాటబోతున్నాం. గుంతలు, సీజన్, ఊతం గురించి చెప్పండి

సైటు_ఇంజనీర్_గచ్చిబౌలి:
రెండున్నర ఎకరాల ఆఫీసు ప్రాంగణం. గేటు నుంచి పోర్టికో దాకా దారికి రెండు వైపులా 8 బిస్మార్కియా పామ్‌లు, కాంపౌండ్ గోడ వెంట 24 ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, కార్ పార్కింగ్ పక్కన 10 రాయల్ పామ్ కావాలని ఓనర్లు అంటున్నారు. పోర్టికో ముందు "ఎక్కడా కనపడని" సైకస్ (పామ్‌లా కనపడే దుంప మొక్క) పెట్టాలట. ఒక బ్రోకరు కొండల నుంచి తెచ్చిన పెద్ద దుంపలు ఉన్నాయి, తక్కువకే ఇస్తానంటున్నాడు.

నేల పైన రెండడుగులు ఎర్ర మొరం, కింద రాయి. దారిలో సగం బేస్‌మెంట్ స్లాబ్ మీద ఉంది, అక్కడ మూడడుగుల మట్టికే వీలుంది. బోరు నీటి పీహెచ్ 8.1, అంటే కాస్త క్షారం. చెట్లు కడియం నర్సరీల నుంచి లారీలో వస్తాయి. మార్చిలో హ్యాండోవర్. గుంత ఎంత తియ్యాలి? ఊతం ఎలా కట్టాలి? వీటిలో ఏవి వద్దనాలి?

కడియం_మొక్కలు:
ముందు బిస్మార్కియా సంగతి. దాని సొంత ఊరు మడగాస్కర్‌లోని పొడి గడ్డిభూములు. ఎండ తట్టుకుంటుంది, వేరు కదిలిస్తే మాత్రం తట్టుకోదు. తెగిన వేళ్లు చాలావరకు చచ్చిపోతాయి, కాండం మొదట్లోంచి కొత్తవి రావాలి. అందుకే నేలలో పెంచిన చెట్టు కొంటే, తవ్వి తియ్యడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు నర్సరీలోనే చుట్టూ వేళ్లు కోయించి, నీళ్లు పెట్టించి, కొత్త వేళ్లు వచ్చాక ఎత్తించండి. ఆ మాట ఆర్డర్ కాగితంలో రాయించుకోండి. కాండం ఇంకా పైకి కనపడని పిల్ల చెట్టు నేలలోది అయితే తీసుకోవద్దు. పెద్ద గ్రో బ్యాగ్‌లో పెరిగినది దొరికితే కాస్త ఖరీదెక్కువైనా అదే మేలు.

ఇంకోటి, దాని విస్తీర్ణం. ఎదిగిన బిస్మార్కియా తల 20 అడుగుల వెడల్పు దాటుతుంది. దారి అంచుకు నాలుగడుగుల్లో నాటితే మూడో ఏడు నుంచి కార్లకు మట్టలు తగులుతున్నాయని కోసేస్తారు, అప్పుడది చీపురుకట్టలా మిగులుతుంది. అంచు నుంచి కనీసం పదడుగులు వదలండి. అంత చోటు లేకపోతే ఎనిమిది బదులు నాలుగు చాలు.

ఫాక్స్‌టెయిల్ మీ నేలకు నప్పుతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన కేప్ మెల్విల్ దగ్గర గ్రానైట్ బండల మధ్య ఇసుకలో పుట్టిన చెట్టు అది. నీరు జారిపోయే గరుకు నేల దానికి ఇష్టం. రాయల్ పామ్‌ని మాత్రం పార్కింగ్ పక్కన పెట్టకండి. ఒక్కో మట్ట పది కిలోలకు పైగా ఉంటుంది, దానంతట అదే ఊడి పడుతుంది, ఏ కారు మీద పడుతుందో మన చేతిలో ఉండదు. లాన్ మధ్యకు మార్చండి.

మార్చి హ్యాండోవర్ విషయం ఓనర్లతో మాట్లాడండి. మార్చిలో నాటితే వేళ్లు పట్టకముందే ఏప్రిల్, మే ఎండలు నెత్తిన పడతాయి. గుంతలు, పైపులు, లాన్ మార్చికి అప్పజెప్పి, పామ్‌లు జూన్ రెండో వారం నుంచి ఆగస్టు లోపల నాటేలా ఒప్పందం రాసుకోవడం మంచిది. నేల వెచ్చగా, గాలి తేమగా ఉన్నప్పుడే పామ్ వేరు వేగంగా సాగుతుంది.

నేల_నీరు:
గుంతల గురించి గట్టిగా చెప్పాలి. మన వైపు పామ్‌లు ఎండకంటే నీరు నిలిచి ఎక్కువ పోతాయి.

రాతిలో గుంత తీస్తే అది బకెట్టే. తీసిన ప్రతి గుంతలో అడుగు లోతు నీళ్లు పోసి వదిలెయ్యండి. తెల్లారి చూస్తే ఇంకా నీళ్లుంటే ఆ గుంత పనికిరాదు. రాతిని పగలగొట్టి ఒక వైపు వాలుగా కాలువ తీసి, కంకర, చిల్లుల పైపు వేసి బయటికి దారి ఇవ్వాలి. అడుగున కంకర పోసినంత మాత్రాన చాలదు, నీరు పోయే దారి లేకపోతే ఆ కంకరలోనే నిలుస్తుంది. దారి ఇవ్వడం కుదరకపోతే గుంత లోతు తగ్గించి, రెండడుగుల దిబ్బ పోసి దాని మీద నాటండి.

ఇంకో చిక్కు: కడియం చెట్టు వేళ్ల చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి గడ్డతో వస్తుంది. దాని చుట్టూ మీరు ఇసుక, ఎరువు కలిపిన వదులు మట్టి నింపుతారు. పోసిన నీళ్లు ఆ వదులు మట్టిలోంచి సర్రున జారిపోతాయి, మధ్యలో గడ్డ ఇటుకలా ఎండిపోతుంది. పైన తడి చూసి మాలి నీళ్లు చాలాయనుకుంటాడు. అందుకే డ్రిప్ గొట్టాలు గుంత అంచున కాక సరిగ్గా గడ్డ మీదే ఉండాలి. సన్నటి ఇనుప చువ్వ గడ్డలోకి గుచ్చి చూడండి. దిగకపోతే లోపల ఎండినట్టే. నింపే మట్టి కూడా మరీ వదులుగా వద్దు. తవ్వి తీసిన మొరంలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు చాలు. కోకోపీట్ ఎక్కువ కలిపితే ఏడాదిలో కుళ్లి కుంగుతుంది, చెట్టు దానితోపాటు కిందికి దిగుతుంది.

లోతు: గడ్డ పైభాగం నేల మట్టానికి రెండంగుళాలు పైనే ఉండాలి. నిలబడుతుందని లోతుగా పాతిపెడితే వేరు మొదలు ఊపిరాడక, రెండేళ్లకు కొత్త మట్టలు పసుపెక్కి చిన్నబోతాయి. అప్పుడు ఏ మందూ పని చెయ్యదు.

స్లాబ్ మీద: తడిసిన మట్టి ఘనపు మీటరు సుమారు 1.8 టన్నులు. మూడడుగుల లోతంటే చదరపు మీటరుకు 1600 కిలోలు దాటుతుంది. నాలుగడుగుల గడ్డతో వచ్చే బిస్మార్కియా ఒక్కటే రెండు టన్నులు, పైగా క్రేన్ ఆ స్లాబ్ మీదకి ఎక్కుతుందా అన్నది వేరే లెక్క. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ఒక్క చెట్టూ పెట్టవద్దు. అక్కడ పన్నెండడుగులు దాటని బాటిల్ పామ్, సైకస్‌కి చుట్టమైన జామియా లాంటివి మేలు.

సైకస్_పెంపకం:
బ్రోకరు మాట అక్కడే ఆపండి. శేషాచలం, కడప కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీ మనకుంది. అది అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న అతికొద్ది మొక్కల్లో అదొకటి. అడవి నుంచి తవ్వడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం. అంతర్జాతీయ వ్యాపారంలోనూ సైట్స్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. సైకస్‌కి చుట్టాలైన ఆఫ్రికా ఎన్‌సెఫలార్టోస్ జాతులన్నీ అదే అనుబంధంలో ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపితే నర్సరీలో పుట్టినదని కాగితం అడగండి, లేకపోతే వదిలెయ్యండి. కొండ మీద ఒక దుంప ఆ సైజుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. దాన్ని పోర్టికో ముందు అలంకారానికి పెకలించడం తప్పు, కేసు ఉన్నా లేకపోయినా.

చట్టబద్ధంగా అందమైనవి చాలానే ఉన్నాయి. జపాన్ నుంచి వచ్చిన సైకస్ రెవొల్యూటా, మెక్సికో జామియా ఫర్‌ఫురేసియా, డియూన్ ఎడ్యూలే, అన్నీ నర్సరీ విత్తనం మొక్కలు దొరుకుతాయి. అడుగు ఎత్తు దిబ్బ మీద, దుంప బయటికి కనపడేలా నాటండి. స్ప్రింక్లర్ నీరు తల మధ్యలో పడితే కుళ్లు వస్తుంది.

సైకస్‌కి అసలు శత్రువు ఒక చిన్న నీలి సీతాకోకచిలుక. రెవొల్యూటా మామూలుగా ఏడాదికి ఒకసారే కొత్త ఆకుల గుత్తి వేస్తుంది. ఆ ఆకులు ఇంకా నూగుతో, చుట్టలు విప్పుకుంటున్నప్పుడే సీతాకోకచిలుక వాటి మీద గుడ్లు పెడుతుంది. పురుగు ఆకుపచ్చగా, చదునుగా, ఆకు ఈనెకు అంటుకుని ఉంటుంది. కంటికి ఆనదు. గుత్తి మీద చీమలు తిరుగుతుంటే పురుగు ఉన్నట్టే. వారంలో గుత్తిలో ఈనెలే మిగులుతాయి, ఇక ఏడాదంతా చెట్టు అలాగే కనపడుతుంది. గుత్తి పైకి రాగానే మూడు వారాలు దోమతెర కప్పండి. లేదా ఐదు రోజులకోసారి లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యండి. ఆకు గట్టిపడితే ఇక భయం లేదు.

విత్తనాలూ ఆకులూ విషం. కుక్కలు తింటే కాలేయం దెబ్బతిని చనిపోవచ్చు. ప్రాంగణంలో క్రెష్ ఉంటే దాని దగ్గర విత్తనాలు కాసే ఆడ సైకస్ పెట్టకండి.

సైటు_ఇంజనీర్_గచ్చిబౌలి:
అందరికీ ధన్యవాదాలు. బ్రోకరుకు వద్దని చెప్పేశాను. ఊతం కోసం కాంట్రాక్టరు కాండానికి మేకులు కొట్టి సరుగుడు కర్రలు నిలబెడతానంటున్నాడు. పసుపెక్కిన కింది మట్టలు కూడా శుభ్రంగా కోసేస్తాడట. సరేననవచ్చా?

కడియం_మొక్కలు:
మేకు ఒక్కటి కూడా వద్దండీ. పామ్ కాండానికి మానుల్లా గాయం పూడదు, ఆ చిల్లు జీవితాంతం ఉంటుంది. ఆ వాసనకు కాండం తొలిచే ఎర్ర ముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. కాండానికి నాలుగు పొరలు గోనెపట్టా చుట్టి, దాని మీద అడుగు పొడవు చెక్క దిమ్మెలు నాలుగు నిలిపి, స్టీల్ పట్టీతో బిగించి, మేకులు ఆ దిమ్మెలకే కొట్టండి. కర్రలు నాలుగు వైపులా ఏటవాలుగా, ఎనిమిది నెలలు ఉంచాలి. క్రేన్‌కి గొలుసు వాడనివ్వద్దు, వెడల్పాటి నైలాన్ బెల్టే.

నాటేటప్పుడు కింది మట్టలు సగం దాకా తీసి, మిగిలినవి మొవ్వు (నడినెత్తిన ఇంకా విచ్చుకోని కొత్త మట్ట) చుట్టూ వదులుగా కట్టవచ్చు. కొత్త మట్ట తొంగిచూడగానే కట్టు విప్పాలి. తర్వాత మాత్రం పసుపెక్కిన మట్ట జోలికి పోకండి. పాత మట్టల మీద నారింజ రంగు చుక్కలు, కొసలు ఎండటం పొటాష్ లోపం. చెట్టు ఆ పాత మట్టలోంచే పొటాష్ లాగి కొత్తదానికి పంపుతోంది. కోసేస్తే లోపం పై వరుసకు ఎక్కుతుంది. పూర్తిగా ఎండినవే తియ్యండి.

నేల_నీరు:
8.1 పీహెచ్ నీటితో మాంగనీస్ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. కొత్త మట్ట కాలినట్టు ముడుచుకుని పొట్టిగా వస్తే అదే. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొవ్వు మీద పిచికారీ చెయ్యండి, నేలలో కూడా వెయ్యండి. లాన్‌కి వేసే యూరియా పామ్ వేళ్ల దాకా రానివ్వద్దు, నత్రజని పెరిగితే పొటాష్ లోపం ముదురుతుంది. కాండం చుట్టూ రెండడుగులు గడ్డి లేకుండా ఉంచితే గడ్డి కోసే మిషన్ దెబ్బ కూడా తప్పుతుంది.

వేరు పట్టిందో లేదో తెలియడానికి: నాటిన రోజున మొవ్వు మీద, దాని పక్క మట్ట మీద ఒకే ఎత్తులో మార్కర్‌తో గీత పెట్టండి. రెండు నెలల్లో మొవ్వు గీత పైకి జరిగితే చెట్టు బతికింది. జరగకుండా, చేత్తో లాగితే మొవ్వు ఊడి వస్తే కుళ్లు. వెంటనే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొవ్వులో పొయ్యండి, పది రోజులకు మళ్లీ ఒకసారి.