రోడేషియాని (ఇప్పటి జింబాబ్వే) దేశంగా ఎవరూ గుర్తించలేదు, పైగా ఐరాస ఆంక్షలు. మరి 14 ఏళ్లు ఎలా నిలబడింది?

పాతఆల్బమ్:
స్టాంపుల ఆల్బమ్ తిరగేస్తుంటే రోడేషియా స్టాంపు ఒకటి కనపడింది, 11 నవంబర్ 1965న స్వాతంత్ర్యం వచ్చిందని దాని మీద అచ్చేశారు. ఆ స్టాంపు చెల్లదని బ్రిటన్ అప్పట్లోనే చెప్పేసిందట. ఆ పేరు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. రెండు లక్షల పైచిలుకు తెల్లవాళ్లు, దాదాపు 40 లక్షల మంది ఆఫ్రికన్లకు అధికారం దక్కకూడదని, ఇయాన్ స్మిత్ నాయకత్వంలో బ్రిటన్‌ని కాదని సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించేసుకున్నారు. ఒక్క దేశమూ గుర్తించలేదు. సముద్రతీరం లేదు, చమురు బావులు లేవు. బ్రిటన్ ప్రధాని విల్సన్ అయితే 1966 జనవరిలో లాగోస్‌లో, ఇది నెలల పని కాదు వారాల్లో తేలిపోతుంది అన్నట్టు మాట్లాడాడు. 1979 దాకా తేలలేదు! ఎలాగండీ ఇది?

అట్లాసు_పిచ్చి:
మ్యాప్ ముందేసుకుని కూర్చోండి, సగం జవాబు అక్కడే ఉంది. చుట్టూ నాలుగు దేశాలు. తూర్పున మొజాంబిక్, అప్పుడది పోర్చుగల్ వలస. దక్షిణాన దక్షిణాఫ్రికా. ఈ ఇద్దరూ ఆంక్షల్ని పట్టించుకోలేదు, ఇక మిగతా ప్రపంచం ఎన్ని తీర్మానాలు చేస్తే ఏం?

చమురు సంగతే చూడండి. మొజాంబిక్‌లోని బైరా రేవు నుంచి రోడేషియాలో ఉమ్తాలి దగ్గరి రిఫైనరీకి పైప్‌లైన్ ఉండేది. అక్కడికి ట్యాంకర్లు రాకుండా అవసరమైతే బలం వాడి ఆపొచ్చని భద్రతా మండలి 1966 ఏప్రిల్‌లో బ్రిటన్‌కి అనుమతిచ్చింది, తీర్మానం 221. బ్రిటిష్ నేవీ 1975 వరకు ఆ రేవు ముందు కాపలా కాసింది. కానీ అనుమతి బైరా ఒక్కదానికే. అదే తీరంలో ఇంకాస్త దక్షిణాన లొరెన్సో మార్క్వెస్ రేవు ఉంది (ఇప్పటి మపుటో), చమురు అక్కడ దిగి రైలెక్కి దర్జాగా వెళ్లిపోయేది. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచడం అంటే ఇదే.

అసలు మజా ఇంకోటుంది. 1978లో బ్రిటన్‌లోనే బింగమ్ విచారణ నివేదిక బయటికొచ్చింది. చూస్తే, షెల్, బీపీల అనుబంధ కంపెనీల చమురే అక్కడికి చేరుతోందని, ప్రభుత్వంలో కొందరికి ఆ సంగతి ముందే తెలుసని తేలింది. కంచే చేను మేసింది.

రాత్రిడ్యూటీ:
అమెరికాని వదిలేశారేం? 1968లో దాదాపు అన్ని సరుకుల మీదా తప్పనిసరి ఆంక్షలు పెట్టిన తీర్మానం 253కి చేయెత్తింది, 1971 కల్లా వాళ్ల కాంగ్రెస్ బైర్డ్ సవరణ అని ఒకటి తెచ్చి రోడేషియా క్రోమ్ (స్టీలు తయారీలో వాడే లోహం) దిగుమతికి దారి తీసింది. సాకు ఏంటంటే, లేకపోతే క్రోమ్ కోసం సోవియట్ యూనియన్ మీద ఆధారపడాలట. కార్టర్ అధ్యక్షుడయ్యాక 1977లో గానీ ఆ సవరణ పోలేదు.

నత్తనడక:
మరీ ఉత్తుత్తి ఆంక్షలు అని తేల్చేయకండి. పొగాకు రైతులు బాగా దెబ్బతిన్నారు, చాలామంది మొక్కజొన్న, పత్తి వైపు మళ్లారు. విదేశీ మారకం ఎప్పుడూ కటకటే. అయితే నా దృష్టిలో స్మిత్ కంటే ఎక్కువ మూల్యం కట్టింది ఉత్తరాన ఉన్న జాంబియా. దాని రాగి వెళ్లే రైలు రోడేషియా మీదుగా, బొగ్గు వచ్చేది రోడేషియాలోని వాంకీ గనుల నుంచి, కరీబా డ్యామ్ కరెంటు తయారయ్యేది అవతలి గట్టున, అంటే రోడేషియా వైపు. ఆంక్షలు పాటించాలంటే తన పీక తనే నొక్కుకోవాలి. అయినా జాంబియా అధ్యక్షుడు కౌండా వెనక్కి తగ్గలేదు, టాంజానియా రేవు దార్-ఎస్-సలామ్ నుంచి చమురు పైప్‌లైన్ వేయించుకున్నాడు, చైనా వాళ్లు 1975 నాటికి అక్కడికే రైలు మార్గం పూర్తిచేశారు. ఈ కథ ఎవడూ చెప్పడు, అందరికీ స్మిత్ గురించే కావాలి.

పాతఆల్బమ్:
జాంబియా సంగతి నాకు అస్సలు తెలియదు. ఇంకో డౌటు, అంత సాయం చేసిన దక్షిణాఫ్రికా కూడా ఎందుకు గుర్తించలేదు? చివరికి ఎలా పడిపోయింది?

అట్లాసు_పిచ్చి:
గుర్తిస్తే ఆ ఆంక్షలు తన మెడకి చుట్టుకుంటాయని భయం. వ్యాపారం మామూలుగా సాగుతుంటే కాగితం మీద గుర్తింపు లేకపోతే ఏం పోయింది?

పడిపోవడం కూడా మ్యాప్ మారడం వల్లే మొదలైంది. 1974 ఏప్రిల్‌లో పోర్చుగల్లో సైన్యం తిరుగుబాటు, ఏడాదికి మొజాంబిక్ స్వతంత్రం, 1976 మార్చిలో ఆ సరిహద్దు మూత. ఆ తూర్పు వైపు నుంచే స్మిత్ ప్రభుత్వం మీద ఆఫ్రికన్ గెరిల్లాల దాడులు పెరిగాయి. ఇక మిగిలింది దక్షిణాఫ్రికా ఒక్కటే, దాని ప్రధాని వోర్స్టర్‌కి కూడా ఈ బరువు మోయడం ఇష్టం లేకపోయింది. వోర్స్టర్, అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ కలిసి బిగించేసరికి అదే ఏడాది సెప్టెంబర్‌లో స్మిత్ రేడియో, టీవీల్లో రెండేళ్లలో మెజారిటీ పాలన అని ఒప్పుకున్నాడు. తర్వాత కూడా ఆఫ్రికన్ నాయకుడు బిషప్ ముజొరేవాని ముందు పెట్టి 1979లో జింబాబ్వే రోడేషియా అని కొత్త బోర్డు తగిలించి చూశారు, దాన్నీ ఎవరూ గుర్తించలేదు, యుద్ధమూ ఆగలేదు. ఆఖరికి లండన్‌లో లాంకాస్టర్ హౌస్ చర్చలు, అక్కడే రాజీ కుదిరింది.

నత్తనడక:
ఒక్కటి కలుపుతాను. 1979 డిసెంబర్‌లో లార్డ్ సోమ్స్ బ్రిటన్ గవర్నర్‌గా రాజధాని సాలిస్‌బరీలో (ఇప్పటి హరారే) దిగాడు, అంటే దేశం మళ్లీ బ్రిటిష్ వలస అయింది. ఐరాస అదే నెలలో ఆంక్షలు ఎత్తేసింది. ఎన్నికలు జరిగి 1980 ఏప్రిల్ 18న జింబాబ్వేగా స్వాతంత్ర్యం వచ్చింది.

పాతఆల్బమ్:
అంటే నా స్టాంపు మీదున్న తేదీ 14 ఏళ్లు తొందరపడిందన్నమాట. థాంక్సండీ అందరికీ, ఇక బింగమ్ నివేదిక పట్టుకుంటాను.