మోకాలి గాయంతో కరాటే క్లాసుకు వెళ్లడం ఇంటివారికి న్యాయమేనా?

బెజవాడ కటా (చర్చ ప్రారంభం)

నాకు నలభై దాటాయి. మా అబ్బాయిని షోటోకాన్ కరాటే క్లాసులో చేర్పించి, గోడ పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేనూ చేరిపోయి, ఇప్పుడు బ్లాక్ బెల్టుకు ముందుండే బ్రౌన్ బెల్టు దాకా వచ్చాను. మొన్నటి వేసవిలో కుమితే (ఎదుటివారితో తలపడే సాధన) చేస్తుండగా పాదం మ్యాట్‌కు పట్టేసి ఒళ్లు మాత్రం తిరగడంతో ఎడమ మోకాలు మెలిపడింది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందనీ, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు చిన్న చీలిక ఉందనీ ఎమ్మారైలో తేలింది. వెంటనే ఆపరేషన్ అక్కరలేదనీ, మూడు నెలలు ఫిజియోథెరపీ చేశాక కూడా మోకాలు పట్టు తప్పుతూ ఉంటే అప్పుడు ఆలోచిద్దామనీ డాక్టరు గారు చెప్పారు. గెంతడం, గిరుక్కున తిరగడం, ఎదుటివారితో తలపడడం వద్దన్నారు. నడక, సైకిలు, కండరాలు బలపడే వ్యాయామాలు చేయమన్నారు.

నేను సాయంత్రం క్లాసు మానలేదు. కుర్చీలో కూర్చుని పంచ్‌లు, బ్లాకులు సాధన చేస్తాను. మలుపులు ఉండవు కాబట్టి టెక్కి షోదాన్ అనే కటాను (ఒక్కరే వరుసగా చేసే కదలికల సాధన) మాత్రం నెమ్మదిగా నిలబడి చేస్తాను. చిన్నపిల్లల వరుసలు సరిచేస్తాను. ఇంట్లో మాత్రం నీళ్ల క్యాను ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం, పాపను బండి మీద స్కూల్లో దింపడం మానేశాను. ఆ పనులు మా ఆవిడ మీద, డెబ్భై దాటిన మా నాన్నగారి మీద పడ్డాయి. "క్లాసులో గంటసేపు నిలబడే కాలు ఇంట్లో ఎందుకు నిలబడదు?" అని ఆమె అడుగుతోంది. ఒకసారి మానేస్తే ఈ వయసులో మళ్లీ మొదలుపెట్టలేనన్నది నా భయం. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

తణుకు టీచరమ్మ

మీ శ్రీమతి గారు వేసిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకుండా మాకు బదిలీ చేశారు. నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు కూడా కలిపితే ముప్ఫై కిలోలకు దగ్గరగా వస్తుంది. దాన్ని డెబ్భై దాటిన పెద్దాయన జరుపుతున్నారంటే, మీ మోకాలిని కాపాడుకోవడానికి ఆయన నడుమును పణంగా పెట్టారన్నమాట. మీరే ఎత్తాలని నేను అనడం లేదు. సిలిండర్ తెచ్చిన కుర్రాడికి కాస్త ఎక్కువిచ్చి వంటింటి దాకా పెట్టించుకోవచ్చు. కూర్చుని కూరలు తరగడానికి, బట్టలు మడతపెట్టడానికి, పాప చేత ఎక్కాలు అప్పగించుకోవడానికి ఏసీఎల్ అవసరం లేదు. కుర్చీలో కూర్చుని పంచ్‌లు వేయవచ్చని తట్టిన మనిషికి, అదే కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవవచ్చని ఎందుకు తట్టలేదన్నదే నా సందేహం.

ఓరుగల్లు ఫిజియో

వృత్తిరీత్యా నాకు సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పిక్క ఎముక తొడ ఎముక కింద నుంచి ముందుకు జారకుండా, మోకాలు అతిగా మెలితిరగకుండా ఏసీఎల్ కాపాడుతుంది. అది తెగినవారికి తిన్నగా నడవడం కంటే, నేలకు ఆనిన పాదం మీద ఒంటిని తిప్పడమే ఎక్కువ ప్రమాదం. అందుకే మవాషి గేరిలో (పక్క నుంచి చుట్టి కొట్టే తన్నులో) తన్నే కాలి గురించి భయపడేవారు నిజానికి నేల మీద గిరుక్కున తిరిగే రెండో కాలి గురించి భయపడాలి.

అయితే ఇలాంటి మలుపులు ఇంట్లో ఉండవా? ఇరుకు వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి సింకు వైపు తిరిగేటప్పుడు పాదం కదపకుండా నడుము నుంచి తిరిగేవారే ఎక్కువ. తడిసిన బాత్రూము గచ్చు, చేతిలో బరువుతో దిగే మేడమెట్లు, ట్రాఫిక్‌లో బండి ఒరిగినప్పుడు ఒక్కసారిగా ఆనించే కాలు, ఇవన్నీ మోకాలికి పరీక్షలే. మాస్టారి కళ్ల ముందు, ఆరిన మ్యాట్ మీద నెమ్మదిగా చేసే సాధన కంటే వీటిలో కొన్ని ఎక్కువ ప్రమాదకరం. కాబట్టి "క్లాసు చేయగలిగితే ఇంటి పనీ చేయగలగాలి" అన్న వాదన శరీరశాస్త్రం ప్రకారం పూర్తిగా నిలబడదు. అలాగని ఇంటి పనంతా మానేయమనీ ఏ ఫిజియో చెప్పడు.

ఆపరేషన్ వాయిదా గురించి కూడా ఒక మాట. స్వీడన్‌లో 121 మంది యువకులు, యువతుల మీద జరిగిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికీ, ముందు వ్యాయామ చికిత్స చేసి అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్లినవారికీ రెండేళ్ల తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో వర్గంలోని 59 మందిలో 23 మందికి ఆ రెండేళ్లలో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. వారందరూ 35 ఏళ్ల లోపువారు కాబట్టి ఆ లెక్కను నలభై దాటినవారు యథాతథంగా తీసుకోకూడదు. ఆపరేషన్ అయినవారి విషయంలో, తొమ్మిదో నెల వరకు ఆటకు తిరిగి వెళ్లడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగానికి తగ్గిందని 2016లో నార్వే పరిశోధకులు ప్రకటించారు. తొందరపడేవారికి నేను ముందుగా చూపించేది ఈ రెండో పరిశీలననే.

జూడో పాతకాపు, హైదరాబాద్

క్లాసుకు వెళ్లడం మానవద్దు. గాయపడినవారు పక్కన కూర్చుని ఇతరుల సాధనను శ్రద్ధగా చూడడం కూడా సాధనేనని జపాన్ సంప్రదాయం చెబుతుంది. దాన్ని మిటోరి గెయికో అంటారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జూడో యోధుడు యసుహిరో యమషిత పిక్క కండరం చిరిగినా కుంటుతూనే ఫైనల్లో ఈజిప్టుకు చెందిన మహమ్మద్ రష్వాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచారు. మీరు ఆ పని చేయమని కాదు, యోధుడు బరి నుంచి ముఖం తిప్పుకోడని చెబుతున్నాను. క్లాసుకు దూరమైన నడివయస్కులు ఫిజియో వ్యాయామాలు కూడా మానేసి, బరువు పెరిగి, ఆ బరువే మోకాలి మీద వేసుకోవడం నేను చాలామందిలో చూశాను.

గుంటూరు కోడలు

పాతకాపు గారూ, యమషిత గారు దిగినది ఒలింపిక్ ఫైనల్లో. అప్పుడాయనకు ఇరవై ఏడేళ్లు, మరుసటి ఏడాదే పోటీల నుంచి తప్పుకున్నారు. ఆయన పొద్దున్నే నీళ్ల క్యాను ఎత్తి, పిల్లలకు క్యారియర్లు కట్టి బరిలోకి వెళ్లలేదు.

నేను టైక్వాండో చేస్తాను. ఒక పోటీలో పడి భుజం జారింది. చేయి తల పైకి ఎత్తవద్దనీ, బరువులు మోయవద్దనీ డాక్టరు గారు చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ చీటీని మా ఇంట్లో అందరూ చదివారు. చదివిన సాయంత్రమే క్లాసు మాన్పించారు. అదే చీటీ ప్రకారం దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీది డబ్బాలు దించడం, నిండు కుక్కరు పొయ్యి మీద నుంచి దించడం కూడా మానాలి కదా అని ఒక్కరికీ తట్టలేదు. మా అత్తగారు చెడ్డ మనిషి కారు, పాపం ఆవిడ భుజమూ ఏళ్లుగా అలాగే అరిగిపోయింది. ఇంటికి అక్కరలేని పనినే గాయం పేరుతో ముందుగా ఆపుతారని నాకు అప్పుడు అర్థమైంది. మన బెజవాడ గారి ఇంట్లో మాత్రం ఇంటికి అక్కరకొచ్చే పని ఆగి, ఆయనకు ఇష్టమైన పని సాగుతోంది. ఇదే మోకాలు ఆయన శ్రీమతిదై ఉంటే ఈ చర్చ ఎవరైనా మొదలుపెట్టేవారా?

మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయమై, ఆపరేషన్ చేయించుకుని, దాదాపు ఏడాది రింగుకు దూరమయ్యారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. మానేస్తే మళ్లీ మొదలుపెట్టలేనని భయపడేవారు ఆమె వైపు చూడవచ్చు.

బెజవాడ కటా

గుంటూరు అమ్మా, మీ మాట ఘాటుగా ఉన్నా కాదనలేను. అయితే ఒకటి గమనించండి. ఫిజియో గారు ఇచ్చిన వ్యాయామాలు ఇంట్లో చేద్దామని కూర్చుంటే ఫోను మోగుతుంది, చుట్టాలు వస్తారు, నిద్ర వస్తుంది. క్లాసుకు వెళితేనే అవి పూర్తవుతున్నాయి. అక్కడికి వెళ్లేది విలాసానికి కాదు. ఇక మా అమ్మగారి పోరు వేరే ఉంది. ఇవన్నీ దేనికి, పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకురమ్మని రోజూ అంటున్నారు.

చిత్తూరు వాసి

మాది పుత్తూరు దగ్గరే. మా ఇంట్లో విరిగిన చేతులు ఆ కట్టుతోనే అతుక్కున్నాయి కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది విరిగిన ఎముకకు వేసే కట్టు. మీకు తెగింది కీలు లోపల ఉండే లిగమెంటు. ఎముక అతికినట్టు అది అతుక్కుంటుందన్న భరోసా లేదు. పైగా వారాల తరబడి కాలు కదలకుండా బిగించి ఉంచితే తొడ కండరం సన్నబడిపోతుంది. మీకు ఇప్పుడున్న ఆధారం ఆ కండరమే. అమ్మగారికి కోపం రాకుండా చెప్పడం మీ పని.

కాకినాడ మాస్టారు

నేను కరాటే నేర్పుతాను, గాయపడిన పెద్దవారు నా క్లాసులోనూ ఉన్నారు. ముందుగా టెక్కి షోదాన్ గురించి చెప్పాలి. మలుపులు లేవన్నది నిజమే గాని, కటా మొత్తం కిబా దాచిలో (గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టే భంగిమలో) మోకాళ్లు బయటికి నెట్టి నిలబడాలి. మధ్యలో పాదాన్ని లోపలి వైపుకు ఎగరేసి దించే నామి గాయెషి ఉంది. ఆ క్షణంలో బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది, ఎడమ వైపు వచ్చేసరికి ఆ పాదాన్ని విసురుగా దించవలసింది మీ గాయపడిన కాలే. నెమ్మదిగా చేస్తున్నామనుకుంటూనే పక్కవారి ఊపు చూసి విసురుతాం. నా క్లాసులో అయితే ఆ కటాను చేతులతో మాత్రమే చేయనిస్తాను.

రెండో సంగతి మీ అబ్బాయి. తండ్రి కుంటుతూ క్లాసుకు రావడం చూసిన పిల్లలు తమకు నొప్పి కలిగితే చెప్పకుండా దాచుకోవడం నేను చూశాను. మొన్న ఒక కుర్రాడు వాచిన చీలమండకు సాక్సు తొడిగి వచ్చాడు. అడిగితే "నాన్న కూడా మానలేదు కదా సార్" అన్నాడు. మీరు క్లాసులో ఏమేమి చేయడం లేదో, ఎందుకు చేయడం లేదో అబ్బాయికి విడమరచి చెప్పారా? మూడోది సూటిగా అడుగుతున్నాను. బ్రౌన్ బెల్టు మనిషి ఇంత పట్టుదలగా వస్తున్నాడంటే దగ్గరలో గ్రేడింగ్ (తరువాతి బెల్టు పరీక్ష) ఏదైనా ఉందా?

బెజవాడ కటా

డిసెంబరులో ఉంది మాస్టారూ.

బెజవాడ కటా (వారి భార్య రాస్తున్నది)

నమస్కారం. మా వారు ఫోను చేతికిచ్చి నన్నే చెప్పమన్నారు కాబట్టి ఈ ఖాతా నుంచే రాస్తున్నాను. చిక్కుడుకాయలు నిన్నటి నుంచి ఒలుస్తున్నారు, టీచరమ్మ గారికి ధన్యవాదాలు. సిలిండర్ సంగతి కూడా తేలిపోయింది. అయితే నా అభ్యంతరం క్లాసు మీద కాదు. క్లాసుకు వెళ్లిన రోజు ఆయన పిల్లలతో నవ్వుతూ మాట్లాడతారు, వెళ్లని రోజు ఇంట్లో అందరికీ ఆ మోకాలే నొప్పి పెడుతుంది. నేను అడుగుతున్నది వేరు. మూడు నెలలు అయ్యాక ఆపరేషన్ కావాలో వద్దో తేల్చుకోవాలి కదా, ఆ తేదీని డిసెంబరు గ్రేడింగ్ అయ్యేదాకా వెనక్కి జరుపుతున్నారు. జనవరి తరువాత మా బ్యాంకులో ఏడాది ఆఖరు పని మొదలవుతుంది, మార్చి నెలాఖరు దాకా నాకు సెలవు దొరకదు. ఆపరేషన్ మోకాలికే అయినా సెలవు పెట్టవలసింది నేను. ఆ తేదీ గురించి మాస్టారిని అడిగారు, స్నేహితులను అడిగారు, ఇక్కడ మీ అందరినీ అడిగారు. నన్ను అడగలేదు.

ఓరుగల్లు ఫిజియో గారూ, ఒకవేళ ఆపరేషనే అయితే ఇంట్లో ఒక మనిషి ఎన్నాళ్లు దగ్గర ఉండాలో దయచేసి చెప్పండి. ఆ లెక్క తెలిస్తే అక్టోబరులోనా, ఏప్రిల్‌లోనా అన్నది మేమిద్దరం కూర్చుని తేల్చుకుంటాం.

ఓరుగల్లు ఫిజియో

అమ్మా, సాధారణంగా మొదటి రెండు వారాలు ఊతకర్రలతో నడవాలి. ఆ రోజుల్లో స్నానానికి, మెట్లకు ఒక మనిషి దగ్గర ఉండడం మంచిది. కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు మూడు వారాలకు వెళ్లవచ్చు. బండి నడపడానికి నెల, నెలన్నర పడుతుంది, గేర్ల బండి అయితే ఎడమ కాలికి ఇంకొంచెం ఆగమంటాం. మెనిస్కస్‌ను కూడా కుట్టవలసి వస్తే ఈ లెక్క మారుతుంది. కాలి మీద బరువు మోపడానికి ఎక్కువ వారాలు ఆగాలి, గొంతుక్కూర్చోవడం కొన్ని నెలల పాటు కుదరదు. మీ ఇంట్లో పాతకాలపు మరుగుదొడ్డి ఉంటే ముందే కమోడు ఏర్పాటు చేసుకోండి. కుట్టాలా వద్దా అన్నది ఆపరేషన్ బల్ల మీదే తేలవచ్చు కాబట్టి, సెలవు పెట్టేటప్పుడు ఎక్కువ లెక్కనే వేసుకోండి.