వేమన చెప్పిన వేము ఏ వేము?

ప్రశ్న (హనుమకొండ): మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు ఉన్నది. ఈ మధ్య స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. నేలవేము కషాయం తాగించమంటూ మా బంధువు ఒకరు "తినగ తినగ వేము తియ్యగనుండు" అన్న వేమన పాదాన్ని వినిపించారు. అందులోని వేము వేపచెట్టా, నేలవేమా? పాదం కూడా ఎక్కడో తప్పినట్టు అనిపిస్తున్నది.

జవాబు (కాజీపేట): "తియ్యనుండు" అన్నదే సరైన పాఠం. ఆటవెలది రెండవ పాదంలో అయిదూ సూర్యగణాలే కావాలి కనుక, "తియ్యగ" అంటే సూర్యగణం కాని భగణం వచ్చి నడక చెడుతుంది. వేము అంటే వేపే. నేలవేము వేరే మొక్క, సంస్కృతంలో భూనింబం. ఆ రెండింటికీ చేదులోనే చుట్టరికం.

జవాబు (జనగామ): గణాల సంగతి ఒప్పుకుంటాను. అయితే వేమనకు అక్కడ కావలసింది చేదు గాని చెట్టు కాదు కనుక, నేలవేమును తోసిపుచ్చలేము. పైగా కామెర్లకు పసరు ఇచ్చేవారు వాడేది నేల ఉసిరి; దాని ఆకుల అడుగున ఆవగింజలంత కాయలు వరుసగా ఉంటాయి. నేలవేము కాయలు సన్నగా, నిటారుగా ఉంటాయి. "నేల" అన్న మాట విని ఒకదానికి మరొకటి తెస్తే ప్రమాదం.

జవాబు (కాజీపేట): అటువంటి చిక్కే మన బమ్మెర పోతనలోనూ ఉన్నది. "మధుపంబు వోవునే మదనములకు" (మందార తేనె మరిగిన తుమ్మెద మదనాలకు పోతుందా) అన్నచోట మదనమంటే ఉమ్మెత్త.

జవాబు (పరకాల): మంగచెట్టు కూడా మదనమే; ఆయుర్వేదంలో వమనానికి, అంటే వాంతి చేయించడానికి, వాడే మదనఫలం దానిదే.

జవాబు (కాజీపేట): మంగపూలు పరిమళిస్తాయి, తుమ్మెద వాటిని ఎందుకు కాదంటుంది?

జవాబు (ములుగు): పెద్దలు మన్నించాలి, రోగి సంగతి మరుగున పడుతున్నది. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండి, ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయంలో కొవ్వు పేరుకొని, వాపు వచ్చి, క్రమంగా అది గట్టిపడవచ్చు. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడు అనే చేదు పదార్థం మధుమేహమున్న ఎలుకలకు మేలు చేసినట్టు పరిశోధనలున్నాయి గాని, మనుషుల విషయంలో అంత బలమైన ఆధారం లేదు. షుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. మొక్క మారే ప్రమాదమూ ఉన్నది: 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్నదని ప్రచురించినప్పుడు, అది తిప్పతీగను పోలిన వేరే జాతి కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. కాబట్టి డాక్టరుగారికి చెప్పకుండా ఏ కషాయమూ తాగించవద్దు.

జవాబు (జనగామ): డాక్టరుగారికి చెప్పాలన్న మాట నిజం. ఇక పోతన మదనానికి వస్తే, ఉమ్మెత్తపూలు కూడా రాత్రివేళ పరిమళిస్తాయి గనుక, మంగను అంత సులువుగా కొట్టివేయలేము.